శరీరంలో యంత్రం – 9: చర్మం కింద అంకె

గత భాగంలో స్టాక్‌హోమ్ దగ్గర ఆగాం. 1958 అక్టోబరు 8న ఆర్నె లార్సన్‌ గుండెకు అమర్చిన తొలి పేస్‌మేకర్ కొన్ని గంటలకే మొరాయించింది. వెంటనే రెండోది పెట్టారు. ఆ తరువాత ఇరవైకి పైగా పరికరాలు మార్చుకుంటూ ఆయన 86 ఏళ్ల దాకా బతికారు. అక్కడ తర్కానికి చోటు లేదు, యంత్రం లేకపోతే ప్రాణం లేదు. ఈ భాగంలో వచ్చే మనుషులు వేరు. వీళ్లకు జబ్బేమీ లేదు. ఒంట్లో అంతా బాగానే ఉండి, చర్మం కింద చిప్ పెట్టించుకున్నారు. కొందరిని కుతూహలం నడిపింది, కొందరిని భయం. తాళాల గుత్తి మోయడం విసుగనిపించి పెట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ కథ చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను వెంట ఉంచుకోమని పాఠకులను కోరుతున్నాను. ఆ చిప్‌లోని అంకెను రాసింది ఎవరు? ఆ అంకె ఎవరిదో చెప్పే చిట్టా ఎవరి దగ్గర ఉంది?

ఈ కథ వైద్యశాలలో మొదలు కాలేదు. గూఢచర్యంలో మొదలై పశువుల కొట్టం మీదుగా మనిషి దాకా వచ్చింది.

1945 ఆగస్టులో సోవియట్ బాలల సంఘం పిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారి ఏవరెల్ హారిమన్‌కు ఒక కానుక ఇచ్చారు. కొయ్య మీద అందంగా చెక్కిన అమెరికా రాజముద్ర అది. రాయబారి నివాసంలో గోడకు వేలాడదీశారు. ఏడేళ్ల పాటు, 1952 దాకా, అది ఆ గదిలోని మాటలన్నీ బయటికి చేరవేస్తూనే ఉంది. లోపల బ్యాటరీ లేదు, కరెంటు తీగ లేదు. బయటి నుంచి ఎవరో రేడియో తరంగాలు పంపితే అప్పుడు మేలుకునేది. గదిలోని మాటల కంపనాలను ఆ తరంగాల మీదే ఎక్కించి తిప్పి పంపేది. తరంగాలు ఆగితే మళ్లీ ఉత్త కొయ్యబొమ్మే. దీన్ని తయారుచేసిన లియోన్ థెరెమిన్ అప్పటికి స్టాలిన్ ప్రభుత్వ ఖైదీ, జైలు ప్రయోగశాలలో పనిచేస్తున్న శాస్త్రవేత్త. 1960లో అమెరికా ఈ బొమ్మను ఐక్యరాజ్య సమితిలో ప్రపంచానికి చూపింది.

తనలో శక్తి లేకుండా, అడిగినవాడి శక్తితోనే వాడికి జవాబు చెప్పడం అన్న ఈ సూత్రమే నేటి చర్మం కింది చిప్‌కీ ఆధారం. 1948లో హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజినీరు, తిరిగివచ్చే తరంగంతో సమాచారం పంపడం మీద పరిశోధన పత్రం ప్రచురించాడు. దానికి తగిన చిన్న చిప్‌లు వచ్చేసరికి పాతికేళ్లు పట్టింది. 1970ల్లో, అణుబాంబు పుట్టిన లాస్ అలమోస్ ప్రయోగశాలను అమెరికా వ్యవసాయ శాఖ ఒక సాయం అడిగింది: మందలో ఏ ఆవు ఏదో, దాని ఒంటి వేడి ఎంతో దూరం నుంచే తెలుసుకోవాలి. అక్కడి శాస్త్రవేత్తలు 1975లో తమ ఫలితాలను ప్రకటించారు. ఆ తరువాత పరికరం చిన్నదవుతూ వచ్చి, చివరికి ఒక గాజు గొట్టంలో ఒదిగింది. దాదాపు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం. పొడవు బియ్యపు గింజ అంత ఉంటుందని చేతిలో పట్టుకున్నవాళ్లు చెబుతారు. లోపల సన్నటి రాగి తీగ చుట్ట, ఒక కెపాసిటర్, ఒక చిప్, అంతే. 1996లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జంతువుల చిప్‌లకు 134.2 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యాన్నీ 15 అంకెల సంఖ్యనూ స్థిరపరిచింది.

మన ఊళ్లలో గేదెల చెవులకు కనబడే పసుపు బిళ్ల ఈ కుటుంబానికి దూరపు చుట్టం. పశు ఆధార్ అని పిలిచే ఆ 12 అంకెల సంఖ్య బిళ్ల పైకే కనిపిస్తుంది, తరంగాలతో పనిలేదు. అసలు దగ్గరి చుట్టాలు కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్, హైదరాబాద్ మెట్రో కార్డు. రెండింటిలోనూ బ్యాటరీ లేదు. టోల్ గేటు, మెట్రో గేటు పంపే తరంగాల శక్తితోనే అవి పనిచేస్తాయి.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పుకోవాలి. 2016 నవంబరులో కొత్త రెండు వేల నోటులో చిప్ ఉందని, భూమిలో పాతినా ఉపగ్రహం పట్టేస్తుందని దేశమంతా ప్రచారం జరిగింది. కోవిడ్ కాలంలో టీకా సూదిలో చిప్ ఎక్కిస్తున్నారన్న పుకారు ప్రపంచమంతా తిరిగి మన వాట్సాప్ గ్రూపులకూ వచ్చింది. భయపడినవాళ్లను నేను తప్పుపట్టను. ఎలా పనిచేస్తుందో ఎవరూ చెప్పని వస్తువును చూసి భయపడటం సహజం. కానీ కొలతలు చూడండి. టీకా సూది బయటి మందమే దాదాపు అర మిల్లీమీటరు, చిప్ ఉన్న గాజు గొట్టం మందం దానికి నాలుగు రెట్లు. దాన్ని ఎక్కించడానికి పశువైద్యులు వాడే లావాటి సూది కావాలి, పడినవాడికి తెలియకుండా పోదు. ఎక్కించాక కూడా దాన్ని చదవాలంటే యంత్రాన్ని చర్మానికి కొన్ని సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి. ఆకాశం నుంచి మనిషిని వెతికేందుకు కావలసిన జీపీఎస్ రిసీవరు, ప్రసారిణి, బ్యాటరీ ఇందులో లేవు. భయపడాల్సిన చోటు ఇంకొకటి ఉంది, కథ అక్కడికే వెళుతోంది.

పశువుల చిప్‌ను తన ఒంట్లోకి ఎక్కించుకుని చరిత్రకెక్కినవాడు ఒక కళాకారుడు. బ్రెజిల్‌కు చెందిన ఎడ్వర్డో కాట్జ్ 1997 నవంబరు 11న సావో పావులో నగరంలోని కాసా దస్ రోజస్ అనే సాంస్కృతిక కేంద్రంలో, టీవీ కెమెరాల ముందు, తన ఎడమ చీలమండ దగ్గర చిప్ పొడిపించుకున్నాడు. తరువాత అమెరికాలో తప్పిపోయిన పెంపుడు జంతువుల కోసం ఉన్న జాబితాలో తన పేరు నమోదు చేసుకున్నాడు. జంతువు గడిలోనూ తన పేరే, యజమాని గడిలోనూ తన పేరే. గదిలో ఏడు పాత ఫొటోలు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలెండ్‌లో తుడిచిపెట్టుకుపోయిన అమ్మమ్మ తరఫు కుటుంబానికి మిగిలిన గుర్తులు అవే. చీలమండనే ఎంచుకోవడానికి కారణం కూడా చెప్పాడు: మనుషులకు సంకెళ్లు వేసిందీ, వాతలు పెట్టిందీ అక్కడే. ఈ కథలో అందరికంటే ముందు అసలు ప్రశ్న వేసినవాడు ఇతడేనని నా అభిప్రాయం. ఇంజినీర్లు తలుపులు తెరుచుకోవడం గురించి ఆలోచిస్తుండగా ఇతడు యజమాని ఎవరని అడిగాడు.

మరుసటి ఏడాది, 1998 ఆగస్టు 24న, ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కెవిన్ వార్విక్ తన ఎడమ చేతిలో గాజు గొట్టం పెట్టించుకున్నాడు. 23 మిల్లీమీటర్ల పొడవుతో, జంతువులకు వాడేదానికంటే పెద్దది. తొమ్మిది రోజులు ఉంచుకున్నాడు. అతను నడుస్తుంటే విభాగంలోని తలుపులు తెరుచుకున్నాయి, దీపాలు వెలిగాయి, ప్రధాన ద్వారం పేరు పెట్టి పలకరించింది. పత్రికలు ఈ మురిపెం గురించే రాశాయి. అదే తొమ్మిది రోజులూ ఆ భవనంలోని కంప్యూటరుకు అతను ఏ నిమిషంలో ఏ గదిలో ఉన్నాడో కూడా తెలుసు. ఇలాంటి చిప్‌ను యజమానులు ఉద్యోగుల మీద ఎలా వాడగలరో వార్విక్ అప్పుడే హెచ్చరించాడు.

ఇక్కడిదాకా ఇది ఇద్దరు ముగ్గురి ప్రయోగం. దీన్ని సరుకుగా మార్చింది 2001 సెప్టెంబరు 11. న్యూయార్కు జంట భవనాల్లోకి వెళుతున్న అగ్నిమాపక సిబ్బంది, తాము చనిపోతే గుర్తుపట్టడానికి వీలుగా ఒంటి మీద తమ బ్యాడ్జి నంబర్లు రాసుకున్నారని రిచర్డ్ సీలిగ్ అనే శస్త్రవైద్యుడు విన్నాడు. అయిదు రోజుల తరువాత, సెప్టెంబరు 16న, తన ఒంట్లో తానే రెండు చిప్‌లు పెట్టుకున్నాడు. ఫ్లోరిడాకు చెందిన అప్లైడ్ డిజిటల్ సొల్యూషన్స్ సంస్థ ఆ చిప్‌ను వెరిచిప్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. 2002 మేలో ఫ్లోరిడాలో తల్లి, తండ్రి, కొడుకు ముగ్గురూ టీవీ కెమెరాల ముందు చిప్ వేయించుకున్నారు. 2004 అక్టోబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని వైద్య సమాచారం కోసం వాడటానికి అనుమతించింది. అనుమతి పత్రంలోనే ప్రమాదాల జాబితా ఉంది: చుట్టూ ఉన్న కణజాలం వికటించడం, చిప్ చోటు మారడం, ఎంఆర్ఐ స్కానుతో ఇబ్బంది, సమాచార భద్రత దెబ్బతినడం.

వెరిచిప్‌లో రోగి వివరాలు ఉండవు, ఉన్నది 16 అంకెల సంఖ్య మాత్రమే. స్పృహ తప్పిన రోగిని ఆస్పత్రికి తెస్తే ఆ సంఖ్యను యంత్రంతో చదివి, ఇంటర్నెట్‌లో కంపెనీ చిట్టా తెరిచి, అందులో రోగి పేరు, జబ్బులు, మందులు చూడాలి. ఉద్దేశం మంచిదే. మతిమరుపు ముదిరి ఇల్లు వదిలిపోయిన తల్లిదండ్రుల కోసం వెతికిన ఏ కుటుంబానికైనా దాని విలువ తెలుసు. కానీ ఒంట్లో ఉన్నది ఆ మనిషిదైనా ఆ అంకెకు అర్థం కంపెనీ చేతిలో ఉంది. పైగా ఆ సంఖ్యను మార్చడానికి వీల్లేదు, తయారైనప్పుడు ఏది రాస్తే అదే జీవితాంతం.

2004లో బార్సిలోనాలోని బాజా బీచ్ క్లబ్బు తన ప్రత్యేక అతిథులకు ఈ చిప్ వేయించింది. పర్సు లేకుండా వచ్చి, చెయ్యి చూపించి తాగిన దానికి డబ్బు కట్టొచ్చు. అదే ఏడాది మెక్సికో అటార్నీ జనరల్ రఫాయెల్ మసేదో దె లా కొంచా, తానూ తన సిబ్బందిలో కొందరూ రహస్య పత్రాల గదిలోకి ప్రవేశం కోసం చిప్ వేయించుకున్నామని ప్రకటించాడు. 2006లో ఒహాయో రాష్ట్రం సిన్సినాటీలో ఒక నిఘా సంస్థ ఇద్దరు ఉద్యోగులకు వేయించింది. వినోదం నుంచి ప్రభుత్వ కార్యాలయానికి, అక్కడి నుంచి మామూలు ఉద్యోగానికి రావడానికి రెండేళ్లే పట్టింది.

పతనం మూడు వైపుల నుంచి వచ్చింది. మొదటిది సాంకేతికం. 2006లో జొనాథన్ వెస్ట్‌హ్యూస్ అనే యువ ఇంజినీరు ఇంట్లో చేసుకున్న పరికరంతో వెరిచిప్ సంఖ్యను చదివి, అచ్చంగా అలాగే జవాబిచ్చే నకలు తయారుచేసి చూపించాడు. అడిగినవాడెవడో చూడకుండా తన సంఖ్య చెప్పేసే చిప్‌కు ఇది తప్పదు. హార్వర్డ్ వైద్య కళాశాలలో కంప్యూటర్ల బాధ్యత చూసే డాక్టర్ జాన్ హలంకా అప్పటికే తన చేతిలో ఈ చిప్ వేయించుకుని ఉన్నాడు. ఆయన వెస్ట్‌హ్యూస్‌తోనూ మరికొందరితోనూ కలిసి రాసిన పత్రంలోని వాదం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది: ఈ చిప్‌ను పేరులా వాడండి, తాళంచెవిలా వాడకండి. తాళంచెవిగా వాడితే, దాన్ని దొంగిలించాలనుకున్నవాడు మనిషి ఒంటి మీదికి వస్తాడు. నకలు తీయడం తేలికగా ఉండటమే ఒక రకంగా ఆ మనిషికి రక్షణ.

రెండోది వైద్యం. 2007 సెప్టెంబరులో అసోసియేటెడ్ ప్రెస్ ఒక పెద్ద కథనం ప్రచురించింది. ప్రయోగశాలల్లో చిప్ పెట్టిన ఎలుకల్లో కొన్నిటికి చిప్ చుట్టూ క్యాన్సర్ కణితులు వచ్చినట్టు పాత అధ్యయనాల్లో ఉందని బయటపెట్టింది. ఎలుకకు వచ్చింది మనిషికి వస్తుందని చెప్పలేం. లక్షల కుక్కలు, పిల్లులు చిప్‌లతో ఏ ఇబ్బందీ లేకుండా బతుకుతున్నాయి. అయినా అనుమతి ఇచ్చే ముందు ఆ అధ్యయనాల గురించి జనానికి చెప్పలేదన్న మాట గట్టిగా తగిలింది. అనుమతి వచ్చే నాటికి ఎఫ్‌డీఏ మీద అజమాయిషీ ఉన్న ఆరోగ్య శాఖకు మంత్రిగా టామీ థామ్సన్ ఉన్నారు. పదవి దిగిన కొద్ది నెలలకే, 2005లో, ఆయన వెరిచిప్ కంపెనీ డైరెక్టర్ల బోర్డులో చేరారు. చట్టం దీన్ని అడ్డుకోలేదు గానీ జనం నమ్మకానికి దెబ్బ తగిలింది. ఆ కథనం వచ్చేనాటికి ప్రపంచం మొత్తం మీద ఈ చిప్ వేయించుకున్నవాళ్లు సుమారు 2,000 మంది. 2010లో కంపెనీ దాన్ని అమ్మడం ఆపేసింది.

మూడోది అన్నిటికంటే బలమైనది, బలవంతం చేస్తారన్న భయం. 2006 మేలో కంపెనీ అధిపతి స్కాట్ సిల్వర్‌మన్ టీవీలో మాట్లాడుతూ, పని కోసం అమెరికా వచ్చే విదేశీ కూలీలను నమోదు చేయడానికి ఈ చిప్ పనికొస్తుందన్నాడు. ఆ మాట తెలుగువాళ్లం తేలిగ్గా తీసుకోకూడదు. పద్దెనిమిదో శతాబ్దం చివర బెంగాల్‌లో మొదలై, తరువాత మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చిన ఈస్టిండియా కంపెనీ శిక్ష ఒకటుంది. యావజ్జీవ ఖైదీల నుదుట వాళ్ల నేరాన్ని దేశభాషలో పచ్చ పొడిచేవారు. 1849లో గానీ అది రద్దు కాలేదు. తరువాతి కాలంలో నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవాళ్ల లాంటి సమూహాలను మొత్తంగా నమోదు చేసి, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో హాజరు వేయించుకున్నారు. ఎదిరించే శక్తి లేనివాడి ఒంటి మీదే పాలకుడు మొదట రాస్తాడు. వలస కూలీ పేరు ముందుగా వినిపించడం కాకతాళీయం కాదు.

సిల్వర్‌మన్ మాటలకు రెండు వారాల తరువాత, మే 30న, విస్కాన్సిన్ గవర్నరు ఒక చట్టం మీద సంతకం చేశాడు. ఏ మనిషినీ చిప్ వేయించుకోమని ఎవరూ నిర్బంధించకూడదు. తప్పితే రోజుకు 10,000 డాలర్ల దాకా జరిమానా. ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. టామీ థామ్సన్ ఒకప్పుడు గవర్నరుగా ఉన్నదీ ఆ రాష్ట్రానికే. నార్త్ డకోటా, కాలిఫోర్నియా 2007లో అదే దారి పట్టాయి.

ఇదంతా జరుగుతుండగానే, కంపెనీలతో పనిలేని ఇంకో దారి తెరుచుకుంది. 2005 మార్చిలో అమల్ గ్రాఫ్‌స్ట్రా అనే అమెరికన్ యువకుడు, సర్వర్లు మోసుకుంటూ ఆఫీసు తలుపు దగ్గర తాళంచెవి వెతుక్కోవడం విసుగనిపించి, ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి చోట చిప్ పెట్టించుకున్నాడు. అది మార్చలేని సంఖ్య ఉన్న చిప్. కొన్ని నెలలకు కుడి చేతిలో ఇంకోటి పెట్టించాడు. దానిలో మాత్రం కావలసింది తనే రాసుకోవచ్చు, చెరపొచ్చు, సంకేతపదంతో కాపాడుకోవచ్చు. ఆఫీసు తలుపు, కారు, కంప్యూటరు తన చిప్‌ను గుర్తుపట్టేలా తనే సర్క్యూట్లు కట్టుకున్నాడు. చిట్టా అతని ఇంట్లోనే ఉంది. వెరిచిప్‌కూ దీనికీ తేడా అక్కడే ఉంది, ఆకారంలో రెండూ ఒక్కటే.

2013లో గ్రాఫ్‌స్ట్రా డేంజరస్ థింగ్స్ పేరుతో కంపెనీ పెట్టి, జనం చందాలతో ఎక్స్ఎన్‌టీ అనే చిప్ తయారుచేయించాడు. అది 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎన్ఎఫ్‌సీ చిప్. మామూలు స్మార్ట్‌ఫోను దాన్ని చదవగలదు, అందులో రాయగలదు. 888 బైట్ల చోటు. తెలుగులో రాస్తే మూడు వందల అక్షరాలకు లోపే. అందులో ఒక ఫోన్ నంబరో, వెబ్ చిరునామానో, అత్యవసర వైద్య సూచనో పడుతుంది. ఇంకో రకం చిప్, 125 కిలోహెర్ట్జ్‌ది, ఆఫీసు గుర్తింపు కార్డు సంఖ్యను తనలోకి నకలు చేసుకుంటుంది. రాసుకునే స్వేచ్ఛతో పాటు ఒక ప్రమాదమూ వచ్చింది. ఈ చిప్‌లలో కొన్ని బిట్లు ఉంటాయి, ఒకసారి వాటికి గడియ వేస్తే ఎప్పటికీ తీయలేం. కార్డయితే పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చు, ఇదయితే మళ్లీ చర్మం కోయాలి.

రాయగలిగే చోట చెడునూ రాయొచ్చని 2010లో రెడింగ్ విశ్వవిద్యాలయానికే చెందిన మార్క్ గాసన్ నిరూపించాడు. తన చేతి చిప్‌లోకి కంప్యూటరు వైరస్ ఎక్కించాడు. ఆ చిప్‌ను చదివిన యంత్రానికి అది సోకింది, అక్కడి నుంచి ఇతర కార్డులకూ పాకగలదని చూపించాడు.

ఈ చిప్‌లను ఎక్కువమంది ఇష్టంగా వేయించుకున్న దేశం స్వీడన్. అక్కడ 1947 నుంచి ప్రతి మనిషికీ ఒక పౌరసంఖ్య ఉంది, ప్రభుత్వ చిట్టాల మీద జనానికి నమ్మకమూ ఉంది. 2015 ప్రాంతంలో స్టాక్‌హోమ్‌లోని ఎపిసెంటర్ అనే కార్యాలయ భవనంలో హనెస్ షోబ్లాద్ అనే వ్యక్తి నడిపిన చిప్ విందుల్లో ఉద్యోగులు వరుసగా కూర్చుని చేతికి సూది పొడిపించుకున్నారు. 2017లో ఎస్‌జే రైల్వే, చిప్ ఉన్న ప్రయాణికుల చేతినే టికెట్టుగా చదవడం మొదలుపెట్టింది. తొలి రోజుల్లో కొందరి చేతిని చదివితే టికెట్టుకు బదులు వాళ్ల లింక్డిన్ పేజీ తెరుచుకునేది. 2018 నాటికి చిప్ ఉన్న స్వీడన్‌వాసుల సంఖ్య నాలుగు వేల దాకా చేరిందని పత్రికలు రాశాయి.

2017 ఆగస్టు 1న అదే విందు అమెరికాలో జరిగింది. చిరుతిళ్ల అమ్మకపు యంత్రాలు నడిపే త్రీ స్క్వేర్ మార్కెట్ అనే కంపెనీ తన ఉద్యోగుల్లో నలభై మందికి పైగా స్వచ్ఛందంగా చిప్ వేయించుకున్నారని ప్రకటించింది. ఒక్కోదానికి 300 డాలర్ల ఖర్చు కంపెనీయే భరించింది. ఆ కంపెనీ ఉన్న ఊరు రివర్ ఫాల్స్, విస్కాన్సిన్. పదకొండేళ్ల కిందట నిర్బంధాన్ని నిషేధించిన రాష్ట్రమే. చట్టం ఎక్కడా మీరలేదు, ఎవరినీ బలవంతం చేయలేదు. కానీ యజమాని నిలబడి చూస్తుండగా, పక్క కుర్చీలో వాళ్లు చెయ్యి చాపుతుండగా, వద్దని చెప్పడం ఎంత కష్టమో జీతం మీద బతికినవాళ్లందరికీ తెలుసు. చట్టం ఆ కష్టాన్ని కొలవలేదు.

ఇక సిడ్నీ. మియావ్ లూడో డిస్కో గామా మియావ్ మియావ్ అని చట్టబద్ధంగా పేరు మార్చుకున్న ఒక జీవ ప్రయోగకారుడు 2017లో నగర రవాణా కార్డు ఓపల్‌ను కత్తిరించి, లోపలి చిప్‌ను తీసి, ఒంటికి సరిపడే ప్లాస్టిక్‌లో పొదిగి, ఎడమ చేతిలో పెట్టించుకున్నాడు. చిప్ చక్కగా పనిచేసింది. గేటు దగ్గర చెయ్యి ఆనించిన ప్రతిసారీ అతని ఖాతా నుంచి సరైన చార్జీ కట్ అయింది. ఆగస్టులో తనిఖీ సిబ్బంది పట్టుకున్నారు. చార్జీ కట్టాడు గానీ చూపించడానికి కార్డు లేదు. కార్డును పాడుచేయకూడదన్నది నిబంధన. 2018 ఫిబ్రవరిలో రవాణా సంస్థ ఆ సంఖ్యను తన చిట్టాలో రద్దు చేసింది. మార్చిలో మేజిస్ట్రేటు 220 డాలర్ల జరిమానా, వెయ్యి డాలర్ల కోర్టు ఖర్చులు వేశాడు. జూన్‌లో పై కోర్టు నేర నిర్ధారణను కొట్టేసింది. రద్దయిన సంఖ్యను మాత్రం తిరిగి ఇవ్వమనలేదు. చిప్ అతని చేతిలోనే ఉంది, గేటు తెరుచుకోలేదు.

వచ్చే భాగంలో డెన్మార్క్ వెళ్దాం. అక్కడ ఎముకలు గుల్లబారిన ఎనిమిది మంది మహిళల చర్మం కింద పెట్టిన చిప్ సంఖ్య చెప్పదు. బయటి నుంచి వచ్చిన ఆజ్ఞ ప్రకారం, వేళకు మందు వదులుతుంది.